సింథటిక్ బయాలజీ: మేలెవరికి, బరువెవరికి

సింథటిక్ బయాలజీ జీవకణాన్ని మనిషి అవసరానికి తగ్గట్టు కొత్తగా రూపొందించే శాస్త్రం. డీఎన్ఏ వరుసను కంప్యూటర్‌లో రాసుకుని, రసాయనికంగా పేర్చి, కణంలో పెట్టి పని చేయించడం ఇందులో ప్రధానం. 2010లో అమెరికాలో క్రెయిగ్ వెంటర్ బృందం పది లక్షలకు పైగా అక్షరాలున్న బాక్టీరియా జీనోమ్‌ను ఇలాగే తయారుచేసి మరో బాక్టీరియా కణంలోకి ఎక్కించింది. ఆ కణం బతికి, పిల్లకణాలను పుట్టించింది.

నైతిక చర్చ అనగానే దుర్మార్గుల చేతిలో పడే వైరస్ గుర్తొస్తుంది. ఆ భయానికి ఆధారం ఉంది. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో ఎకార్డ్ విమ్మర్ బృందం, బహిరంగంగా దొరికే జన్యుక్రమాన్ని చూసి పోలియో వైరస్‌ను తయారుచేసింది. 2018లో కెనడా పరిశోధకులు, ఆర్డరు పెట్టి తెప్పించుకున్న డీఎన్ఏ ముక్కలతో మశూచి వైరస్‌కు దగ్గరి బంధువైన హార్స్‌పాక్స్ వైరస్‌ను కూర్చిన తీరును ప్రచురించారు. డీఎన్ఏ అమ్మే పెద్ద కంపెనీలు ఆర్డర్లను ప్రమాదకర క్రమాలతో సరిపోల్చి చూస్తాయి. చాలా దేశాల్లో అది స్వచ్ఛందమే. ఈ తనిఖీని అమ్మకందారు ఇష్టానికి వదిలేయడం తగదు, చట్టం చేయవలసిందే.

అయితే ఈ శాస్త్రం సామాన్యుల బతుకును ఇప్పటికే తాకిన చోటు పొలం. మలేరియా మందు ఆర్టెమిసినిన్ చరిత్ర ఇందుకు సాక్ష్యం. ఆ మందునిచ్చే మొక్క, వినాయక చవితి పత్రిలో చేరే మాచిపత్రి ఒకే ప్రజాతికి చెందినవి. 1970ల తొలినాళ్లలో చైనాలో తూ యూయూ బృందం మందును వెలికితీసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి దక్కింది. చైనా, వియత్నాం, తూర్పు ఆఫ్రికాల్లో చిన్న రైతులు ఈ పంట వేస్తారు. కోసి, ఎండబెట్టి, కొమ్మల నుంచి ఆకు దులిపి, గోతాల్లో నింపి ఫ్యాక్టరీకి అమ్ముతారు. టన్ను ఎండుటాకులో మందు పది కిలోలకు మించడం అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆర్టెమిసినిన్ మిశ్రమ చికిత్సను సిఫార్సు చేశాక గిరాకీ పెరిగి, ధర ఆకాశాన్నంటింది. రైతులు ఎగబడి వేశారు. 2007 నాటికి ధర కుప్పకూలింది.

ఈ ఒడిదుడుకులను తప్పించాలనే సదుద్దేశంతోనే, గేట్స్ ఫౌండేషన్ సొమ్ముతో, కాలిఫోర్నియాలో జే కీస్లింగ్ బృందం మొక్క జన్యువులను ఈస్ట్‌లో పెట్టింది. 2013 కల్లా లీటరుకు 25 గ్రాముల ఆర్టెమిసినిక్ ఆమ్లం వచ్చింది. దాన్ని మందుగా మార్చే పనిని సనోఫీ కంపెనీ ఇటలీలోని గరేసియోలో మొదలుపెట్టి, లాభం చూసుకోకుండా కిలోకు సుమారు 350 డాలర్ల ధర పెట్టింది. ఇంతలో ఆకు నుంచి తీసిన మందు 250 డాలర్ల కిందికి దిగింది. 2015లో అక్కడ ఉత్పత్తే లేదు. తర్వాత ఫ్యాక్టరీని అమ్మేశారు.

దీన్ని రైతు గెలుపు అనలేం. ధర పడిపోయింది కాబట్టే ఆకు నిలబడింది, ఆ తగ్గుదల దెబ్బ ముందుగా తగిలేది పండించేవారికే. ఈస్ట్ రేపు ఇంకా చౌక కావచ్చు. మరోవైపు, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న బిడ్డకు మందు పొలంలో పుట్టిందా, ఈస్ట్ పెరిగే ట్యాంకులో పుట్టిందా అన్నది ముఖ్యం కాదు, వేళకు అందడం ముఖ్యం. అందుచేత ఇలాంటి పరిశోధనను ఆపమనడం అన్యాయం. రైతు మరో పంటకు మారడానికయ్యే ఖర్చును ప్రాజెక్టు తొలి లెక్కల్లోనే చేర్చకపోవడమూ అంతే అన్యాయం. మడగాస్కర్ చిన్న కమతాల్లో పండే వనిల్లాకు పోటీగా ఈస్ట్‌తో వనిలిన్ తయారీ వచ్చినప్పుడూ, రైతు నష్టాన్ని ఎవరు భరించాలన్న ఇదే ప్రశ్న ఎదురైంది.

అంతర్జాతీయ ఒప్పందాలు ఈ ప్రశ్న దగ్గరికి నెమ్మదిగా వస్తున్నాయి. 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగిన జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు, సింథటిక్ బయాలజీ విషయంలో ముందుజాగ్రత్త పాటించాలని సభ్యదేశాలను కోరింది. 2010 నాటి నగోయా ఒప్పందం, జన్యువనరులు తీసుకున్నవారు లాభంలో వాటా ఇవ్వాలంటుంది. కానీ విత్తనమో ఆకో సరిహద్దు దాటనక్కర్లేకుండా, కంప్యూటర్‌లోని జన్యుక్రమంతోనే పని జరుగుతుంటే వాటా అడిగే దారి మూసుకుపోతుంది. ఆ లోటు పూడ్చడానికి 2025 ఫిబ్రవరిలో, కంపెనీలు చందాలిచ్చే ‘కాలి నిధి’ని ప్రారంభించారు. అందులో కనీసం సగం మూలవాసులకు, స్థానిక సమాజాలకు చేరాలన్నది లక్ష్యం. కంపెనీల చందా మాత్రం తప్పనిసరి కాదు. పంటకు గిరాకీ పోయిన రైతుకు పరిహారమివ్వడం ఆ నిధి ఉద్దేశాల్లో లేదు.