భాప్ నుంచి బాష్పీభవనం దాకా

(భద్రాచలంలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని. ఇప్పుడు సాయంత్రాలు మన పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఒకనాడు ఆరో తరగతి బాలుడు సైన్సు పుస్తకంలో ‘బాష్పీభవనం’ అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. నాలుగుసార్లు కూడబలుక్కొని పుస్తకం మూసేశాడు. అదే బాలుడు సెల్‌ఫోన్‌లో విన్న ర్యాప్ పాటను ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పగలడు. అందుకు అంతకుముందు వాణ్ని మందలించాను కూడా.

ఆ రోజు మాత్రం, “నీళ్లు కాగితే పైకి లేచేదాన్ని మీ అమ్మీ ఏమంటుంది?” అని అడిగాను. “భాప్” అన్నాడు. భాప్, బాష్పం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని చెప్పాను. వాడి కళ్లు వెలిగాయి. మర్నాడు ముగ్గురు పిల్లలు కలిసి, చప్పట్లు చరుస్తూ ఇలా వినిపించారు:

గోదారి నీళ్లు ఎండకు కాగి
భాపై లేచాయ్ పైపైకి సాగి
చల్లటి గాలిలో మబ్బుగ ఆగి
వానై దూకాయ్ వాగులో ఊగి

జలచక్రం మొత్తం ఇందులో ఉన్నది. పరీక్షలో ఆ బాలుడు దాన్ని సొంత మాటల్లో రాశాడు.

ర్యాప్‌కు తల్లి అయిన హిప్‌హాప్ బడికి పరాయిది కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, జమైకా నుంచి వలస వచ్చిన కూల్ హెర్క్ అనే యువకుడు పాటలు వినిపించిన వేడుకను దాని పుట్టుకగా చెబుతారు. ఆ వేడుకను ఏర్పాటు చేసింది అతని చెల్లెలు. బడి తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కునేందుకు డబ్బు కూడబెట్టడమే ఆమె ఉద్దేశం. నలభై ఏళ్ల తర్వాత అదే నగరంలో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్రిస్టఫర్ ఎమ్డిన్, ర్యాప్ కళాకారుడు జీజాతో కలిసి, ప్రభుత్వ బడుల పిల్లల చేత సైన్సు పాఠాలపై ర్యాప్ రాయించి పోటీలు నడిపారు.

మనకూ ఇది కొత్త కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. అమీర్ ఖుస్రో పేరిట ప్రసిద్ధమైన ‘ఖాలిక్ బారీ’ అనే పద్య నిఘంటువుతో మక్తబ్‌లలో తరతరాల పిల్లలు మాటలు నేర్చుకున్నారు. ఇక గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్, బుర్రకథతో చదువురాని జనానికి చరిత్రను, రాజకీయాలను వినిపించాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు.

సంగీతం విషయంలో మన ఇళ్లలో భిన్నాభిప్రాయాలున్నాయని నాకు తెలుసు. వాటిని గౌరవిస్తాను. ఈ పద్ధతికి వాయిద్యం అక్కరలేదు, చప్పట్లు చాలు. సినిమా పాటల్లోని బూతులూ అక్కరలేదు, ఎందుకంటే మాటలు రాసేది పిల్లలే. అసలు కీలకం అదే. పెద్దలు రాసిచ్చిన పాటను అప్పజెప్పిస్తే అది తాళం వేసిన బట్టీ మాత్రమే. పిల్లవాడు తానే రాయాలంటే ముందు పాఠం అర్థం కావాలి. తప్పు రాస్తే ఎక్కడ అర్థం కాలేదో మనకు వెంటనే తెలుస్తుంది.

పాట ఉపాధ్యాయుడికి బదులు కాదు. అయితే మన పిల్లలు బడికి దూరమవుతున్న కారణాల్లో భాష ఒకటి. 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి ఇరవై ఐదుగురు బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఈ కష్టం మనది మాత్రమే కాదు. అడవి అంచు గూడేల్లో కోయ పిల్ల నీళ్లను ‘ఏరు’ అంటుంది. తెలుగు పుస్తకంలో ఏరంటే వాగు. ఆ పిల్లకూ మన పిల్లవాడికీ ఎదురైన గోడ ఒక్కటే.

ఇది దయ కోసం చేసే విన్నపం కాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. పిల్లలు భయం లేకుండా, తమ భావాలు స్వేచ్ఛగా చెబుతూ, కృత్యాల ద్వారా నేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతున్నది. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి.

కనుక తల్లులారా, కమిటీ సమావేశానికి వెళ్లండి. వారానికి ఒక్క గంట, పిల్లలు పాఠాన్ని తమ ఇంటి మాటలతో, తమ లయలో రాసి వినిపించేందుకు కేటాయించమని అడగండి. ఆడపిల్లలను వెనుక వరుసలో కూర్చోనివ్వకండి. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ బిడ్డను, “ఈరోజు పాఠంలో నోరు తిరగని మాట ఏది?” అని అడగండి. ఆ మాటకు చుట్టం మీ వంటింట్లోనే ఉండవచ్చు.

ఖుదా హాఫిజ్.