గూడ్సు బండికి కూడా ఒక ఫోటో

(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత గూడ్సు గార్డు చేసిన ప్రసంగ పాఠం)



డీఏ గురించో, మెడికల్ కార్డుల గురించో మాట్లాడుకోవలసిన సభ ఇది. అటువంటి చోట ఫోటోల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. సంక్రాంతి సెలవుల్లో మేము నలుగురు పెన్షనర్లం, మా మనవడు కలిసి లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట వెళ్ళి, పొద్దంతా గూడ్సు బండ్లను, లోకల్ బండ్లను ఫోటోలు తీసి వచ్చాము. ఆ సంగతి కాలనీ అంతా తెలిసిపోయింది. "వందే భారత్‌ను తీశారంటే అర్థముంది, గూడ్సు బండిని ఎవరైనా ఫోటో తీస్తారా?" అని నవ్విన వాళ్ళున్నారు. వారికి సమాధానంగానే ఈ నాలుగు మాటలు.

నేను 1972లో ఉద్యోగంలో చేరి 2010లో రిటైరయ్యాను. మొత్తం 38 ఏళ్ళ సర్వీసులో అధికభాగం గూడ్సు గార్డుగానే గడిచింది. నాతో ఎన్నో ఏళ్ళు కలిసి పనిచేసిన డ్రైవరు గారొకరు నిరుడు వానాకాలంలో కాలం చేశారు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గాని, మాకు ఆయన ఎప్పుడూ డ్రైవరు గారే. పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. దండ వేసిన ఫోటో చూస్తే మనసు చివుక్కుమంది. అది పెన్షన్ కాగితాల కోసం భార్యతో కలిసి తీయించుకున్న జాయింట్ ఫోటో. అందులోంచి ఆయన ముఖం ఒక్కటే కత్తిరించి పెద్దది చేయించారు. భుజం పక్కన ఆవిడ చీర అంచు అలాగే మిగిలిపోయింది.

ఆయన మనవరాలు నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, మా తాతయ్య ఇంజను నడుపుతున్న ఫోటో మీ దగ్గరేమైనా ఉందా?" అని అడిగింది. ఇంటికి వెళ్ళి చూసి చెబుతానమ్మా అన్నాను.

ఆ రాత్రి ట్రంకుపెట్టె దించి వెతికాను. పెళ్ళి ఫోటోలున్నాయి, పిల్లల బారసాల ఫోటోలున్నాయి. రిటైర్మెంటు రోజున షామియానా కింద మెడ నిండా దండలతో నేను కూర్చున్న ఫోటో ఉంది. ఆయన ఇంజనులో ఉన్నది ఒక్కటీ లేదు. అంతకంటే నన్ను ఆశ్చర్యపరచిన విషయమేమంటే, నేను బ్రేక్ వ్యానులో ఉన్న ఫోటో కూడా లేదు. దీపం గాని, మరుగుదొడ్డి గాని లేని ఆ వ్యానులో, చలికాలపు రాత్రులు కంబళి కప్పుకుని, హ్యాండ్ ల్యాంపు ఒళ్ళో పెట్టుకుని ఎన్ని వేల మైళ్ళు తిరిగానో లెక్క లేదు. ఎర్ర జెండా, పచ్చ జెండా, డిటోనేటర్లు, టెయిల్ ల్యాంపు సర్దుకున్న లైన్ బాక్సు నాకు ఇంట్లో మనిషి వంటిది. దాని ఫోటో కూడా లేదు. మన చేతిలో కెమెరా ఉన్న రోజులు కావవి. ఎవరి దగ్గరైనా ఉన్నా, 36 ఫోటోల రీలును పెళ్ళికో తిరుపతి యాత్రకో దాచుకునేవారు గాని గూడ్సు బండి మీద ఎవరు ఖర్చుపెడతారు?

మనవరాలికి ఫోటో లేదని చెప్పవలసి వచ్చింది. కనీసం ఆయన కూర్చున్న కిటికీ వంటి కిటికీనైనా తీసి ఇవ్వాలని అప్పుడు అనుకున్నాను. మా అబ్బాయి పాత డిజిటల్ కెమెరా బీరువాలో ఊరకే పడి ఉంది. పదో తరగతి చదువుతున్న మా మనవడు దాన్ని వాడడం నేర్పించాడు. రైలు సంగతులు నేను వాడికి చెప్పాను.

హఫీజ్‌పేటనే ఎందుకు ఎంచుకున్నామో చెబుతాను. సికింద్రాబాదు నుంచి వాడి వెళ్ళే ఈ లైను 1874లో తెరుచుకున్నది. దాని మీదనే 2003 ఆగస్టు నుంచి ఎంఎంటీఎస్ లోకల్ బండ్లు తిరుగుతున్నాయి. మౌలాలి నుంచి వచ్చే గూడ్సు లైను సనత్‌నగర్ దగ్గర ఇందులో కలుస్తుంది. కాబట్టి సనత్‌నగర్ దాటిన తరువాత ఏ స్టేషనులో కూర్చున్నా లోకల్ బండ్లు, గూడ్సు బండ్లు రెండూ కనబడతాయి. తాండూరు వైపు నుంచి సిమెంటు, ఓడరేవుల వైపు నుంచి కంటైనర్లు, కాజీపేట వైపు నుంచి బొగ్గు ఈ దారినే పోతుంటాయి.

ఉదయం ఏడు గంటలకల్లా చేరుకున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు బెంచీ మీదనే కానిచ్చాం. ఫోటో తీయాలనుకునేవారికి ఉపయోగపడే రెండు ముక్కలు చెబుతాను. ఈ లైను ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంది. అందుచేత పొద్దున పూట లింగంపల్లి వైపు నుంచి వచ్చే బండి ముఖం మీద ఎండ చక్కగా పడుతుంది, సాయంత్రం సికింద్రాబాదు నుంచి వచ్చే బండి మీద పడుతుంది. ఇక, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనులో 60వ వంతు కాలంలో 28 సెంటీమీటర్లు జరుగుతుంది. కెమెరాను ఆ వేగంలో ఉంచితే ఫోటోలో పెట్టె మీద అంకెలు అలుక్కుపోతాయి. సెకనులో 500వ వంతుకు మారిస్తే మూడు సెంటీమీటర్లే జరుగుతుంది, అంకెలు చదువుకోవచ్చు. ఫ్లాష్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయరాదు. డ్రైవరు కళ్ళకు అది ఎంత ఇబ్బందో ఈ సభలో చాలామందికి తెలుసు.

లోకల్ బండ్లను తీయడం సులువు. ఆగుతాయి, నిదానంగా బయలుదేరుతాయి. భుజాన సంచులతో హైటెక్ సిటీ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, టిఫిన్ క్యారియర్లతో కూలికి పోయే ఆడవాళ్ళు దిగుతూ ఎక్కుతూ ఉంటే, బండి కంటే మనుషులనే ఎక్కువ తీయాలనిపించింది.

ఇప్పుడు నేను సిగ్గుపడుతూ చెప్పవలసిన విషయానికి వస్తున్నాను. మా ఇంటావిడ ఈ సంగతి సభలో చెప్పవద్దన్నది. చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

తొమ్మిది దాటిన తరువాత లింగంపల్లి వైపు నుంచి గూడ్సు ఒకటి అవతలి లైను మీద వస్తూ కనిపించింది. ముందు ఇంజను, వెనుక బారుగా మూత పెట్టెలు. ఎండ ఇంజను ముఖం మీద బంగారంలా పడింది. డ్రైవరు మోచెయ్యి కిటికీలో ఆనించి ఉంది. నేను వెతుకుతున్నది సరిగ్గా అదే. అయితే ప్లాట్‌ఫారం మీది స్తంభం ఒకటి అడ్డువచ్చింది. నాలుగు అడుగులు ముందుకు వేశాను. మరి నాలుగు వేశాను. కన్ను కెమెరాకు ఆనించి ఉండగానే ర్యాంపు దిగి కంకర మీదికి వెళ్ళిపోయాను. ఇవతలి లైను పక్కనే నిలబడ్డానన్న స్పృహ నాకు లేదు.

"తాతయ్యా!" అన్న కేక, చొక్కా పట్టుకుని వెనక్కి లాగిన గుంజుడు ఒకేసారి తెలిశాయి. ఇద్దరం ర్యాంపు మీద పడ్డాం. ఆ మరుక్షణం, ఆ స్టేషనులో ఆగని ఎక్స్‌ప్రెస్ ఒకటి నా వెనుక నుంచి వచ్చి, నేను నిలబడిన చోటు పక్కనుంచి దూసుకుపోయింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట. గూడ్సు చప్పుడులో నాకు వినబడలేదు. ఒక బండిని చూస్తూ ఉంటే రెండో బండి వినబడదన్న సంగతి నాకు తెలియనిది కాదు. సర్వీసులో ఉండగా ఎందరో అలా పోవడం చూసినవాణ్ణి, రిపోర్టులు రాసినవాణ్ణి, పట్టాలు దాటేవాళ్ళను జెండా కర్రతో బెదిరించినవాణ్ణి. 58 బాక్స్ఎన్ పెట్టెల బొగ్గు బండి నిండా లోడుతో దాదాపు 4,700 టన్నులు ఉంటుందని, బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చని ఎన్నోసార్లు ఇతరులకు చెప్పినవాణ్ణి. అనుమతి లేకుండా పట్టాల మీదికి పోవడం 1989 నాటి రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ కింద నేరమని తెలిసినవాణ్ణి. ఇంత తెలిసిన 75 ఏళ్ళ మనిషిని పదిహేనేళ్ళ పిల్లవాడు కాపాడవలసి వచ్చింది.

వాడి మోచెయ్యి కొట్టుకుపోయి రక్తం వచ్చింది. వాడికి ఏమైనా అయి ఉంటే కోడలికి నేను ఏ ముఖం చూపించేవాణ్ణి? బెంచీ మీద కూర్చున్నాను గాని చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు. మా మిత్రులు ఇంటికి పోదామన్నారు. మనవడే, "తాతయ్యా, ఇక్కడి నుంచే తీయండి, జూమ్ ఉంది కదా" అన్నాడు. నేను అనవలసిన మాట వాడన్నాడు.

పదిన్నర ప్రాంతంలో మరొక గూడ్సు వచ్చింది. బెంచీ మీద నుంచి లేవకుండానే తీశాను. ఇంజను కిటికీ, అందులో డ్రైవరు. బండి అంతా వెళ్ళిపోయి చివర బ్రేక్ వ్యాను వచ్చింది. ఒక కుర్రవాడు వరండాలో నిలబడి స్టేషను వైపు పచ్చ జెండా చూపిస్తున్నాడు. 2022 జనవరి నుంచి గార్డు అన్న పేరు పోయింది, ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు మారినా జెండా పట్టుకున్న తీరు మాదే. అతని కాళ్ళ దగ్గర లైన్ బాక్సు వంటిదేదో కనిపించింది. అదీ తీశాను. గూడ్సు బండి చివర గార్డుతో, బ్రేక్ వ్యానుతో పనిలేకుండా చేసే ఈఓటీటీ పరికరాలను రైల్వే ఇప్పటికే ప్రవేశపెట్టింది. మంచిదే కావచ్చు, ఆ రాత్రుల కష్టం ఇంకొకరికి తప్పుతుంది. అయితే అక్కడ ఒక మనిషి ఉండేవాడని మన మనవలకు ఎలా తెలుస్తుంది?

ఆ రెండు ఫోటోలూ అచ్చు వేయించాను. ఇంజను కిటికీ ఫోటో డ్రైవరు గారి మనవరాలికి ఇచ్చి, "ఇందులో ఉన్నది మీ తాతయ్య కాదమ్మా, ఆయన కూర్చున్న చోటు ఇటువంటిది" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు చూసి, "ఇంత ఎత్తున కూర్చునేవారా?" అన్నది. ఆయన ఉద్యోగం గురించి ఆ ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న అదేనని వాళ్ళ నాయనమ్మ నాతో చెప్పింది. ఆ సాయంత్రం వాళ్ళింట్లో గంటసేపు కూర్చుని మా డ్యూటీ సంగతులు చెప్పి వచ్చాను.

సోదరులారా, మీలో రైల్వే వారే కాక ఇతర శాఖల వారూ ఉన్నారు. అందరికీ మూడు మనవులు. మొదటిది, మీ ట్రంకుపెట్టెలు దించి, పనిలో ఉన్న ఫోటో ఒక్కటైనా ఉంటే దాని వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాయండి. రెండవది, ఫోటో లేకపోతే మీరు పనిచేసిన చోటు, పనిముట్టు, ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చున్న మనిషి, ఏదో ఒకటి వారి అనుమతితో తీసి ఇంట్లో పెట్టండి, పిల్లలు అడిగితే చెప్పండి. మూడవది అన్నిటికంటే ముఖ్యం. రైలును తీసేటప్పుడు పసుపు గీత దాటకండి, పిల్లలను దాటనివ్వకండి. ఒంటరిగా వెళ్ళకండి. మీరు కెమెరాలో చూస్తుంటే, వెనుక నుంచి వచ్చే బండిని చూసే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

ఆ వెనుక వరుసలో మోచేతికి మచ్చతో కూర్చున్న మా మనవడికి కృతజ్ఞతలు.