లక్క గాజుకు పేరొచ్చింది, చేసిన చేతికో?



లక్క గాజుల పని నేర్చుకోనారంభించిన నాడు మాకు మొదట కాలినవి వేళ్లే. కుంపటి సెగకు లక్క మెత్తబడుతుంది. దానిని కడ్డీగా సాగదీసి, రంగు లక్క పూసి, వంచి, కొనలు అతకాలి. వేడి చాలకుంటే అతుకు విడిపోతుంది. మించితే ఆకారం జారిపోతుంది. వెచ్చదనం ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా పొదగాలి. మా తొలి గాజులు ఏ చేతికీ ఎక్కలేదు. ఇప్పుడు నవ్వు వస్తున్నది గాని, ఆనాడు రాలేదు.

లాడ్ బజార్ తరతరాలుగా బతికించిన ఈ హస్తకళకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. అయితే ఆ గుర్తును చట్టబద్ధంగా వాడుకోవాలంటే తయారీదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. ఇంటి మూలన కూర్చుని, డజను లెక్కన కూలికి రాళ్లు పొదిగే స్త్రీ పేరు ఏ రిజిస్టరులో ఉన్నది? 2023లో కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకపు 18 వృత్తులలో స్వర్ణకారులున్నారు, గాజుల పనివారు లేరు.

కనుక కొత్తగా నేర్చుకొనే సోదరీమణులు తొలినాటి నుండే ఎన్ని డజన్లు చేసినదీ, ఎంత కూలి అందినదీ తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. నమోదుకై అడగబోయినపుడు మనం ముందుంచవలసింది ఆ పుస్తకాలనే.