విత్తనపు సంచిమీది ముద్ర



మీరు కొను పత్తివిత్తనపు సంచిమీద మొలకశాతము, శుద్ధత, గడువు తేదీ అచ్చువేయబడి యుండును. మొగ్గ గిల్లిన చేయి ఎవరిదో అందుండదు. దానిని గూర్చియే నేడు మనవి చేయదలచితిని.

1970లో సూరతునందు డాక్టరు సి.టి. పటేలుగారు హెచ్-4 అను సంకరపు పత్తిని సిద్ధపరచిరి. నాటినుండి ఇట్టి విత్తనము చాలవరకు చేతిపనివలననే పుట్టుచున్నది. సాయంకాలము ఆడ పత్తి మొగ్గను విప్పి కేసరములు తీసివేయవలెను. మరునాటి యుదయమున మగ పువ్వు పుప్పొడిని రాయవలెను. క్రాసింగు అని మనము పిలుచు ఈ పని రెండు మూడు నెలలు ఒక్క దినమైన ఆగదు. అవి బడి జరుగు నెలలే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఇంకను మహబూబ్‌నగరు జిల్లాలో నుండిన కాలముననే, ఆ జిల్లా చేలలో ఆడపిల్లలు పెక్కుమంది పనిచేయుటను దావులూరి వెంకటేశ్వర్లుగారు పరిశోధించి వెల్లడించిరి.

చిన్నవ్రేళ్లకే ఆ పని చేతనగునని కొందరందురు. నేను నమ్మను. పెద్దల వ్రేళ్లును చాలును. చాలనిది వారికిచ్చు కూలి. తల్లిదండ్రులకు ముందుసొమ్మిచ్చి పిల్లను పంటకాలమంతయు కట్టివేయుట అందుండి పుట్టినదే.

తివాచీలకు 1994లో రగ్‌మార్కు అను ముద్ర ఏర్పడినది. 2009నుండి దాని పేరు గుడ్‌వీవ్. బాలలచేత నేయింపని తివాచీకే అది దొరకును. తనిఖీదారులు చెప్పకయే మగ్గముకడకు వత్తురు. వసూలైన రుసుములో కొంత పిల్లల చదువునకు పోవును. ఈ రెండవ సంగతియే ముఖ్యము. 1993లో అమెరికా చట్టము వచ్చునను భయమున బంగ్లాదేశపు బట్టల కార్ఖానాలు వేలకొలది పిల్లలను వెళ్లగొట్టగా, పలువురు బడికి గాక రాళ్లు కొట్టుటకు పోయిరి. 1995లో ఒప్పందము కుదిరి బడులు తెరచిన పిదపనే వారికి దారి దొరకినది.

మగ్గము ఒకచోట నుండును. సీడుపత్తి చేలు చిన్నచిన్నవి, ఊరూర చెదరియున్నవి. విత్తనము ఆర్గనైజరు చేతిలో కలిసిపోవును. శాంతా సిన్హాగారి ఎం.వి. ఫౌండేషను మున్నగువారి యొత్తిడివలన కొన్ని కంపెనీలు పిల్లలను పెట్టని రైతునకు అదనపు ధర ఇచ్చుటకు లోగడ ఒప్పుకొన్నవి. ధర లేని ముద్ర రైతుమీద భారమే. ఇక సొంత పిల్లల మాట: 2016 సవరణ ఇంటిపనికి ఇచ్చిన సడలింపు బడివేళ తరువాతకును, సెలవులకును మాత్రమే. పుప్పొడి రాయునది ఉదయమున గదా!

జూలై హాజరుపట్టీని, సెప్టెంబరు పట్టీని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. తగ్గిన పేర్లు ఎవరివో, ఆ యింటివారు ఎవరికడ ముందుసొమ్ము తీసికొనిరో మీకు తెలియనిదేమున్నది? మరుసటి యేడు ధర మాటలాడుటకు ఆర్గనైజరు వచ్చినపుడు ఆ రెండు పట్టీలును అతని యెదుట నుంచుడు.