యాత్రాసమారాధనము



ఈనాడు భాద్రపద శుద్ధ ఏకాదశి. తొలి ఏకాదశినాడు శేషశయ్యపై శయనించిన స్వామి ఈ దినమున ప్రక్కకు ఒత్తిగిల్లునని పెద్దలు చెప్పుదురు. అందుచేతనే దీనికి పరివర్తనైకాదశి యని పేరు వచ్చినది. స్వామి శయనించిననాడు మేము స్పెయిను దేశమున ఉంటిమి. ఒత్తిగిల్లు నాటికి మీ మధ్యకు వచ్చి చేరితిమి. చాతుర్మాస్యమున ఒకచోట నిలిచియుండవలెనను నియమము యతులకే గాని మావంటి గృహస్థులకు లేదు గనుక ఎవరును శంకింపనక్కఱలేదు.

వైశాఖమున బయలుదేఱినవారము శ్రావణము చివరకు గాని తిరిగి రాలేదు. మొదట ఇంగ్లండు, పిదప జర్మనీ, ఆపైని స్పెయిను, మరల ఇంగ్లండు. ఇంగ్లండు మాట వేఱు గాని, షెంగెన్ ఒప్పందమున చేరిన దేశములలో సందర్శకుడు 180 దినములలో 90 దినములకు మించి ఉండరాదని చట్టము. చుట్టము ఎన్నాళ్ళుండవచ్చునో మన ఇండ్లలో ఎవరును నోరు తెఱచి చెప్పరు. అచ్చట చట్టమే చెప్పును.

వచ్చిననాటినుండి అందఱును అడుగు ప్రశ్న యొక్కటే: “యాత్ర చక్కగా ముగిసినదా?” ఇంకను ముగియలేదనియే మా సమాధానము. కాశికి పోయివచ్చినవారిని తలచుకొనుడు. గంగచెంబును మూత విప్పక దేవుని మూల నుంచి, మంచి దినము చూచి గంగపూజ చేసి, బంధుమిత్రులకు సమారాధన చేసి, తీర్థమును కాశీదారములను పంచిపెట్టినగాని యాత్ర పూర్తియైనట్లు మన పెద్దలు తలంపలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. ఆ పదునైదు నెలల పైచిలుకు కాలములో చూచినదెల్ల వ్రాసి లోకమునకు పంచిరి. అదియు ఒక సమారాధనమే యని మా అభిప్రాయము.

మేము ఐరోపానుండి గంగను తేలేదు. తెచ్చిన చాక్లెట్లను ఇల్లు చేరకమునుపే పిల్లలు పంచుకొనిరి. మిగిలినది చూచినది, విన్నది. దానిని ఈ సాయంకాలము మీకు వడ్డింపవలెనని ట్రస్టువారు కోరిరి.

మొదట ఒక సందేహము తీర్చుకొందము. సముద్రము దాటుట తగునా యని ఇప్పటికిని అడుగువారు కలరు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో లెక్కించిన మాట నిజము. అదే సూత్రము వేఱొకచోట దానిని ఉత్తరదేశీయుల ఆచారములలో ఒకటిగా పేర్కొన్న మాటయు నిజము. నిషేధమును చూపువారు రెండవదానిని చూపరు. 1888లో గాంధీగారు చదువుకొఱకు ఇంగ్లండునకు బయలుదేఱినప్పుడు బొంబాయిలోని ఆయన కులపెద్దలు వెలివేసిరి. 1891లో తిరిగివచ్చినప్పుడు అన్నగారు ఆయనను నాసికకు కొనిపోయి గోదావరీస్నానము చేయించి, రాజకోటలో కులమువారికి విందు చేసిరి. చూడుడు, అంత వివాదమును చివరకు ఒక స్నానముతో, ఒక భోజనముతోనే సరిపెట్టజూచిరి. నేడు మన ఇండ్లలో సముద్రము దాటని బిడ్డ యున్నదా? కావున ఇకమీదట అడుగవలసినది పోవచ్చునా యని కాదు, పోయినచోట ఎట్లు నిలువవలెనని.

ఆ నిలుకడ ఎంత చిన్న విషయమువద్ద తడబడునో చెప్పెదము. బర్మింగుహాము సమీపమున టివిడేల్ అను చోట వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. తిరుమలను మనస్సున నుంచుకొని కట్టి, 2006లో తెఱచిరి. దానికి దగ్గఱనున్న ఒక తెలుగువారి ఇంట మేము పది దినములుంటిమి. ఆ యింట అత్తగారు విజయవాడనుండి తెచ్చిన పంచాంగమును పట్టుకొని ఏకాదశి రేపనిరి. కోడలు ఆలయమునుండి వచ్చిన పట్టిక చూచి నేడనెను. పెద్దామె ఆ దినము అన్నము తిని, మఱునాడు ఒంటరిగా ఉపవసించి, ఇద్దఱి మధ్య రెండు దినములు మాటలు లేకపోయినవి.

తప్పు ఎవరిది? ఎవరిదియు కాదు. తిథి యనునది చంద్రుడు సూర్యునినుండి పండ్రెండు భాగలు జరుగుటకు పట్టు కాలము. అది లోకమంతటికిని ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఊరూరికి వేఱు. జ్యేష్ఠమాసమున ఏకాదశి మన గడియారమున ఉదయము 7 గంటలకు ప్రవేశించినదనుకొనుడు. అప్పటికి విజయవాడలో సూర్యోదయమైపోయినది గనుక ఆ దినము మనకు దశమియే, ఉపవాసము మఱునాడు. ఆ క్షణమున లండనులో వేకువజాము 2 గంటల 30 నిమిషములు. అచ్చట సూర్యుడు ఉదయించుటకు ఇంకను రెండు గంటలకు పైగా ఉన్నది. అరుణోదయమునకు ముందే ఏకాదశి వచ్చి కూర్చున్నది. కావున వారికి ఉపవాసము ఆ దినమే. మనకంటె ఒకదినము ముందు చేయువారు ఆచారము తప్పినవారు కారు, ఆచారమును సరిగా పాటించినవారు. బిడ్డలయొద్దకు పోవు పెద్దలు ఆవకాయ జాడీ నిశ్చింతగా తీసికొనిపోవచ్చును గాని, మన ఊరి పంచాంగమును అచ్చటి నిర్ణయమునకు పనికిరాదని తెలిసియే తీసికొనిపోవలెను.

సంధ్యావందనముదియు ఇట్టి చిక్కే. జూన్‌లో లండనున సూర్యాస్తమయము రాత్రి 9 గంటల 20 నిమిషముల ప్రాంతమున అగును. నార్వే ఉత్తరపుకొనయందలి ట్రామ్‌సో పట్టణమున రెండు మాసములపాటు సూర్యుడు అస్తమింపనే అస్తమింపడు. ముఖ్యకాలము దొరకనప్పుడు గౌణకాలమున చేయుమని మన పెద్దలే దారి చూపిరి. గడియారమును సాక్షిగా పెట్టుకొని చేయవలసినదే.

ఆ యింటనే సత్యనారాయణవ్రతము జరిగినది. వ్రతము చేయించిన పురోహితుడు పాతికయేండ్ల యువకుడు. సంకల్పమున మనము మేరువునకు దక్షిణమున, శ్రీశైలమునకు ఫలానా దిక్కున, కృష్ణాగోదావరుల మధ్య అని చెప్పుకొందుము గదా! అతడు ఒక్క నిమిషమాగి, “సెవర్న్ ట్రెంట్ నద్యోర్మధ్యప్రదేశే” అనెను. బర్మింగుహాము నిజముగనే ఆ రెండు నదుల నడుమ ఉన్నది. పెద్దామె మొదట నవ్విరి. పూజ ముగిసిన పిదప కోడలిని పిలిచి, ఆ నదుల పేర్లు కాగితముపై వ్రాసియిమ్మని అడిగిరి. రెండు దినములనాటి మౌనము అంతటితో తీఱినది.

జర్మనీలో హామ్ అను పట్టణము కలదు. దాని శివారున, కర్మాగారముల నడుమ, 17 మీటర్ల గోపురముతో కామాక్షి అమ్మవారి ఆలయము నిలిచియున్నది. 1980లనుండి సింహళమునందలి యుద్ధమువలన ఇల్లు వాకిలి విడిచి శరణార్థులై వచ్చిన తమిళులు కూడబెట్టి కట్టుకొన్నది. 2002లో కుంభాభిషేకము జరిగినది. మేము జూన్‌లో రథోత్సవమునకు పోయితిమి. కర్పూరపు వాసన, నాదస్వరము, కావళ్ళు మోయు యువకులు, మోకు పట్టుకొన్న ఆడువారు. కన్నులు మూసికొన్నచో జర్మనీ యని ఎవరును అనరు. మఱునాడు అమ్మవారి తీర్థోత్సవము. నది లేదు, కోనేఱు లేదు. బొగ్గు, ఇనుము మోయు పడవలకై త్రవ్విన కాలువ ఒకటి ఉన్నది. అందే చక్రస్నానమువలె తీర్థమాడించిరి. గంగను, యమునను, గోదావరిని ఇంటి బిందెలోనికి ప్రతిదినము పిలుచు మనము ఆ కాలువను చూచి నవ్వుటకు వీలులేదు. మేము కూడ మూడుసార్లు తల తడుపుకొంటిమి. నీరు మిక్కిలి చల్లగా ఉండెను.

ఇక స్పెయినునందలి శాంతియాగో. ఏసుక్రీస్తు శిష్యుడగు జేమ్సు సమాధి అచ్చట కలదని క్రైస్తవుల విశ్వాసము. వేయి సంవత్సరములకు పైగా ఐరోపా నలుమూలలనుండి జనులు అచ్చటికి కాలినడకను పోవుచున్నారు. కడపటి 100 కిలోమీటర్లయినను నడిచినవారికే యాత్రాపత్రమిత్తురు. దారిపొడవున బసలలో ముద్రలు వేయించుకొందురు, మూటకు ఆలుచిప్ప కట్టుకొందురు. జేమ్సు పండుగ యగు జూలై 25వ తేదీ ఆదివారమైన సంవత్సరము వారికి పుష్కరమువంటిది. అది 2027లో వచ్చును. మన గోదావరి పుష్కరములును 2027లోనే.

మేము నడువలేదు. ఆలయము ముందఱి రాతిముంగిట మూడు దినములు కూర్చుండి వచ్చువారిని చూచితిమి. మూట దింపి, గోపురమువంక చూచుచు, రాతిపై వెల్లకిల పడుకొందురు. అలిపిరినుండి 3,550 మెట్లు ఎక్కి మహాద్వారము ముందు నిలిచినవారి ముఖములు మీరెఱుగుదురు, అవే ముఖములు. ఒక ముసలమ్మ రెండు కఱ్ఱలపై ఆనుకొని వచ్చి, చెప్పులు విడిచి, బొబ్బలెక్కిన పాదములను చూచుకొని నవ్వుచుండెను. దేవుని పేరు వేఱైనను మోకాళ్ళపర్వతము అన్నిచోట్లను ఒక్కటే కాబోలు! లోపల యాభై కిలోలకు పైబడిన ధూపపాత్రను ఎనిమిదిమంది మోకులతో లాగి, ఆలయమున ఈ కొననుండి ఆ కొనకు ఊపుదురు. నెలలతరబడి నడిచివచ్చినవారి చెమటవాసన పోవుటకని దాని పుట్టుకను గూర్చి ఒక మాట కలదు.

ఒక విషయము మా మనస్సున నాటినది. పూర్వము ఆ యాత్రికులు వచ్చిన దారినే నడిచి ఇల్లు చేరవలసియుండెను. సగము యాత్ర తిరుగుదారియే. ఇప్పుడు పత్రము తీసికొని మఱునాడే విమానమెక్కుదురు. మేమును అంతియే. శరీరము ఒక్క పగటిలో ఇల్లు చేరినది. మనస్సు మాత్రము ఇంకను దారిలో నడుచుచునే యున్నది.

తిరుగుదారి లేని యాత్రలును కలవు. లండనున బ్రిటిష్ మ్యూజియములో అమరావతి శిల్పములు వందకు పైగా ఉన్నవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించినవానిలో పెక్కు 1859లో ఓడపై లండను చేరి, 1880లో మ్యూజియమునకు వచ్చినవి. పలనాటి సున్నపురాయి, కృష్ణ ఒడ్డున పుట్టిన ఉలిపని. అద్దపు తలుపుల గదిలో, కొలిచి పెట్టిన వాతావరణమున, చక్కగా కాపాడబడుచున్నవి. కాపాడబడుచున్నవని సంతోషింపవలెనా, కృష్ణ కనబడదని దుఃఖింపవలెనా? మాకు దుఃఖమే ఎక్కువైనది. రాజా రామమోహనరాయలు 1833లో బ్రిస్టలునందే దేహము చాలించిరి. వారి సమాధిపై ద్వారకానాథ టాగూరు మన దేశపు పద్ధతిలో మంటపము కట్టించెను. ఆ ద్వారకానాథుడును 1846లో లండనునందే మరణించి, కెన్సల్ గ్రీన్ శ్మశానమున ఖననము చేయబడెను. తెలుగువారికి నిఘంటువును, వేమనను అందించిన బ్రౌనుదొర కూడ 1884లో అదే శ్మశానమున విశ్రమించెను. ఒకడు తన ఊరికి దూరముగా, ఒకడు తన ఊరిలో.

తిరిగివచ్చుటకు నాలుగు దినములముందు లెస్టరు నగరమున ఒక పెద్దమనిషిని కలిసితిమి. ఎనుబది దాటినవారు. ఆఱేండ్లక్రిందట భార్య పోయిన పిదప కుమారునియొద్దకు చేరిరి. మూడవ అంతస్తులో గది, కిటికీ, కిటికీలో తులసి. ప్రయాణము వైద్యులు కూడదనిరి. అందఱు లేచిపోయిన తరువాత మెల్లగా అడిగిరి: “ఇక్కడ పోయినవాని గతి ఏమి?”

మేము తెలిసినది చెప్పితిమి. దహనమునకు అచ్చట ఆటంకము లేదు. చితిపై, ఆకాశము కనబడునట్లు దహనము కావలెనని దేవేందర్ ఘయ్ అను హిందువు న్యాయస్థానమునకు పోగా, పైన తెఱపియున్న కట్టడములో అట్లు చేయుట చట్టవిరుద్ధము కాదని 2010లో అప్పీలు కోర్టు తీర్పిచ్చినది. లెస్టరు సమీపముననే సోర్ నదిలో మనవారు అస్థికలు కలుపుచున్నారు. సంకల్పము చేసి పిలిచినచో గంగ ఏ నీటిలోనికైనను వచ్చునని, కాలువలో అమ్మవారి స్నానమును చూచి వచ్చితిమని కూడ చెప్పితిమి. శాస్త్రము చెప్పినంతవఱకు అది సరియైన సమాధానమే.

ఆయన అంతయు విని, “గంగ వచ్చునండీ, నమ్ముచున్నాను. మా ఊరివారు రారు గదా!” అనిరి.

దీనికి మాయొద్ద సమాధానము లేకపోయినది. కొంతసేపు ఇద్దఱమును తులసిని చూచుచు కూర్చుంటిమి. పిమ్మట ఆయనయే లేచి, దిండుక్రిందనుండి ఒక కవరు తెచ్చి మా చేతిలో పెట్టిరి. “మీరు తిరిగిపోవుచున్నారు, మీ యాత్రకు సమారాధన చేసికొందురు. నేను రాను. నా యాత్రకు కూడ మీరే చేయించుడు. నలుగురు మనవాళ్ళు ఆకులో తినవలెను. ద్వాదశినాడైతే మఱింత మంచిది. అవిసె ఆకు కూర తప్పక వండింపుడు. ఇక్కడ ఆఱేండ్లుగా దొరకలేదు.”

పేరు చెప్పవలదనిరి, గోత్రము మాత్రము అర్చకస్వాములకు తెలియజేసితిమి. రేపు ద్వాదశి. ఆ పెద్దమనిషి పంపిన ద్రవ్యముతో ఉదయము 9 గంటలకు ఈ మంటపముననే పారణకు విస్తళ్ళు వేయబడును. అవిసె ఆకు ఈ సాయంకాలమే తోటనుండి వచ్చినది. వలిచిపెట్టుటకు స్త్రీలు కొందఱు ఉపన్యాసానంతరము వంటశాలవద్దకు రావలసినదిగా కార్యదర్శిగారు కోరుచున్నారు.