బాగుపడిన నేల ఎవరిది?

(అవనిగడ్డలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మెట్ట భూముల్లోని చెదలు, వానపాముల గురించి ఈ కృష్ణ ఒడ్డున మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రం ఈ సీమ పొలాల మీదికి వచ్చింది. నేల చచ్చిపోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మెట్టలో నేల మరో రకంగా చస్తుంది. ఆకూ అలమూ కప్పులేక ఎండి, పైన పెచ్చు కడుతుంది. పడ్డ వాన ఇంకకుండా మట్టిని కోసుకుపోతుంది. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో యాకూబా సావడోగో అనే రైతు 1980లలో ఇలాంటి నేలలో వేసవిలోనే గుంతలు తవ్వి పేడ, చెత్త వేశాడు. వాటికోసం చెదలు వచ్చాయి. అవి తొలిచిన దారుల్లోకి వాన ఇంకింది, జొన్న, సజ్జ పండాయి. మనం ఇంటికి శత్రువనుకునే చెద అక్కడ నాగలి పని చేసింది.

మన దగ్గర జహీరాబాద్ ప్రాంతంలో, 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు బీడుపడిన భూముల్ని సాగులోకి తెచ్చుకున్నారు. పశువుల ఎరువు వేశారు, జొన్నలో కంది లాంటి పప్పుజాతి పైర్లు కలిపి వేశారు. ఆ పైర్లు రాల్చే ఆకే నేలలోని జీవాలకు తిండి.

వానపాముల్ని కొనితెచ్చి బోడి నేలమీద వదిలితే బతకవు. ఎరువు తొట్టెల్లో పెంచే రకం వేరు, పొలంలో లోతుగా బొరియలు చేసే రకం వేరు. తిండి, తేమ, నీడ కల్పిస్తేనే ఈ రెండోవి నిలదొక్కుకుంటాయి. అందుకు ఏళ్లు పడుతుంది.

నా అసలు ప్రశ్న ఇక్కడే. పేడ ఎత్తేది, తట్ట మోసేది, తొట్టెకు నీళ్లు చల్లేది ఎవరు? మన పథకాల కాగితాల్లో 'ఖర్చులేని ఎరువు' అని రాస్తాం. ఖర్చు లేదంటే ఆడవాళ్ల పనికి కూలి కట్టలేదని అర్థం.

ఈ దివిసీమలోనే కౌలుకు చేసే ఒకామె నాతో అంది: "నాలుగేళ్లు పేడ మోశానమ్మా. మట్టి మెత్తబడింది, ఎర్రలు కనబడ్డాయి. ఐదో ఏడు ఆసామి పొలం వేరేవాళ్లకిచ్చాడు."

2019లో రాష్ట్రం చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం గడువు 11 నెలలు. నేల కోలుకోవడానికి ఏళ్లు, కోలుకునేలా చేసే స్త్రీకి నెలలు! సొంత భూమి ఉన్న ఇళ్లలో మాత్రం ఏమైంది? ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్, 2005లో దేశమంతటికీ కేంద్రం చట్టాలు చేశాయి. మన ఊళ్లలో పాసుపుస్తకాలు తెరిచి, అందులో ఎందరు ఆడవాళ్ల పేర్లున్నాయో మీరే లెక్కపెట్టండి.

వానపాముల ఎరువు వద్దని నేననడం లేదు. తప్పకుండా చేద్దాం. కానీ ఈసారి తొట్టెల పథకం మీ సంఘానికి వచ్చినప్పుడు మూడు మాటలు అడగండి: ఈ పనికి కూలి ఎంత కట్టారు? పేడ, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? బాగుపడ్డ భూమి ఎన్నేళ్లు మా చేతిలో ఉంటుంది?

మూడో మాటకు జవాబు కాగితం మీద రాయించుకున్నాకే తట్ట ఎత్తుదాం.