మీ మీద మీరు దయగలవారై యుండుడి



గద్వాలలో సీడు పత్తి, వనపర్తిలో వేరుశనగ వేసి నష్టపోయిన సహోదరుడు, నాగర్‌కర్నూలు నుండి కూలికి వలసపోయి, ఇంట విడిచిన బిడ్డల కొరకు కుమిలిపోవు తల్లి ఈ మాటలు వినుచుండవచ్చును.

పొరుగు రైతుకు నష్టము వస్తే, "కాలం కాకపోతే నీ తప్పేమున్నదన్నా, ముందు ఇంత బువ్వ తిను" అంటాము. అదే మనకు వస్తే, "నేనెందుకూ పనికిరాను" అని రాత్రంతా మనలను మనమే తిట్టుకుంటాము. మనవలె పొరుగువానిని ప్రేమింపవలెనన్న ఆజ్ఞలో మనము కూడ ఉన్నాము గదా!

మొదటి రాజులు 19వ అధ్యాయము చూడండి. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడు ముందుగా ఆయనను గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూత రెండుసార్లు తట్టి లేపి భోజనము చేయుమనెను; రొట్టెయు నీళ్లును సిద్ధముగా ఉండెను. హోరేబు ప్రయాణము, క్రొత్త పని ఆ తరువాతనే. కాబట్టి తన మీద తాను దయ చూపుట తప్పును కప్పిపుచ్చుట కాదు, సోమరితనము కాదు. అది లేచి నడచుటకు కావలసిన బలము.

ఈ రాత్రి కడుపునిండా తినండి. పొరుగువానితో పలికే మాటనే మీతో మీరు పలకండి. మీ అప్పు సంగతి, మీ దుఃఖము ఒక్కరితోనైనా చెప్పండి. చనిపోవలెనను తలంపు వచ్చినయెడల వెంటనే ఇంటివారిని పిలవండి. 14416కు ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితము, తెలుగులోనూ మాట్లాడుదురు.

ఏలీయాను ఆదరించిన దేవుడు మిమ్మును తట్టి లేపునుగాక. ఆమేన్.